ప్యాకెట్ మీద ‘వైరస్‌ను తట్టుకునే రకం’ అని ఉంటే, ఏ వైరస్ అని అడగండి

మదనపల్లె, పలమనేరు, వి.కోట వైపు టమాటా తోటల్లో ఆకు ముడుచుకున్నా, మొవ్వు మాడినా, కాయ మీద వలయాలు పడినా రైతు నోట వచ్చేది ఒకటే మాట: ‘వైరస్ వచ్చేసింది’. విత్తనాల అంగట్లో దొరికే జవాబూ ఒకటే: ‘ఇది వైరస్‌ను తట్టుకునే రకం’. రెండు మాటల్లోనూ ఏ వైరస్ అన్నది లేదు. మన తోటల్లో తిరిగే వైరస్‌లు ఒక కుటుంబానికి చెందినవి కావు. ఒకదాన్ని ఆపే జన్యువు రెండోదాన్ని పట్టించుకోనే పట్టించుకోదు. ఆ జన్యువుల్లో ముఖ్యమైనవన్నీ దక్షిణ అమెరికా అడవి టమాటాల నుంచి వచ్చినవే. ఏ అడవి జాతి నుంచి ఏ జన్యువు వచ్చింది, అది దేన్ని ఆపుతుంది, ఎక్కడ లొంగిపోతుంది అన్నది తెలిస్తే విత్తనం కొనేవాళ్లకూ, కొత్త రకం తయారుచేసేవాళ్లకూ పని తేలికవుతుంది.

ముందు తోటలో తేడా పట్టడం. ఆకుముడత వైరస్ వస్తే కొత్త ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, పైకి ముడుచుకుంటాయి. కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గుబురుగా పొట్టిబడుతుంది, పూత రాలుతుంది. దీన్ని మోసేది తెల్లదోమ. మొవ్వుకుళ్లు వేరు. వేరుశనగలో మనకు పాత పరిచయమైన మొవ్వుకుళ్లు వైరసే టమాటాలోనూ వస్తుంది. లేత ఆకులు రాగి రంగు తిరిగి, చిన్న నల్ల వలయాలు పడతాయి. మొవ్వు మాడుతుంది, కాండం మీద గోధుమ చారలు వస్తాయి, కాయ మీద పసుపు వలయాలు పడి రంగు సమంగా తిరగదు. దీన్ని మోసేవి తామర పురుగులు. మూడోది మొజాయిక్. ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలు కలగలిసి ఉంటాయి. దీనికి పురుగు అక్కర్లేదు. చేతులు, కత్తి, కట్టెలకు కట్టే పురికొస చాలు.

ముడుచుకున్న ప్రతి ఆకూ వైరస్ కాదు. ఎండలు ముదిరినప్పుడు కింది ఆకులు దొప్పలా చుట్టుకుని మందంగా తయారవుతాయి కానీ పసుపెక్కవు, మొక్క ఎదుగుదల ఆగదు. పక్క చేలో కొట్టిన 2,4-డీ కలుపుమందు గాలికి తగిలితే ఆకులు సన్నగా సాగి మెలి తిరుగుతాయి. నల్లి పడితే ఆకు అడుగు కంచు రంగులోకి మారి మొవ్వు గిడసబారుతుంది. వీటిని వైరస్‌గా లెక్క రాసుకుంటే రకం మీద మనం చేసే తీర్పే తప్పవుతుంది.

సాగు టమాటాకు దగ్గరి అడవి జాతులు పన్నెండు ఉన్నాయి. ఇవి పెరూ, చిలీ, ఈక్వడార్, గలపాగోస్ దీవుల్లో పెరుగుతాయి. అన్నింటికీ మన టమాటాలాగే 24 క్రోమోజోములు. అందుకే సంకరం సాధ్యం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో చార్లెస్ రిక్ దశాబ్దాల పాటు ఈ జాతుల్ని సేకరించి భద్రపరచకపోతే నేటి నిరోధక రకాల్లో చాలావాటికి పునాది ఉండేది కాదు. పరిశోధన పత్రాల్లో కనిపించే ‘ఎల్ఏ’ నంబర్లు ఆ సేకరణవే.

ఆకుముడతకు మొదట దొరికిన గట్టి జన్యువు టీవై-1. ఇది దక్షిణ పెరూ, ఉత్తర చిలీ ఎడారి ప్రాంతాల అడవి టమాటా సొలానమ్ చిలెన్స్ నుంచి, ఎల్ఏ 1969 అనే నమూనా నుంచి వచ్చింది. 1994లో దీన్ని ఆరో క్రోమోజోము మీద గుర్తించారు. తర్వాత అదే జాతిలో ఎల్ఏ 2779 నుంచి టీవై-3ను గుర్తించారు. ఈ రెండూ ఒకే జన్యువుకు రెండు రూపాలని 2013లో తేలింది. ఈ జన్యువు తయారుచేసే ఎంజైము చిన్న ఆర్ఎన్ఏ ముక్కల సంఖ్యను పెంచి, వైరస్ డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పడేలా చేసి దాని నోరు నొక్కేస్తుంది. నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే సంగతి ఒకటుంది. మన ఆకుముడత వైరస్‌లు ఆసియావి, చిలెన్స్ పుట్టింది అటకామా పక్కన. ఆ మొక్క ఈ వైరస్‌లను ఎన్నడూ ఎదుర్కోలేదు. అయినా దాని రక్షణ ఇక్కడ పనిచేస్తోంది, ఎందుకంటే అది ఒక ప్రత్యేక శత్రువును గుర్తుపట్టే ఏర్పాటు కాదు, ఈ తరహా డీఎన్ఏ వైరస్‌లన్నింటి మీదా పనిచేసే ఏర్పాటు.

దీని బలహీనతలు కూడా ఆ పనితీరులోనే ఉన్నాయి. టీవై-1 ఉన్న మొక్కలో వైరస్ ఉండదని కాదు, తక్కువగా ఉంటుంది. కీరా మొజాయిక్ వైరస్ కూడా అదే మొక్కలోకి దూరితే, అది మొక్క తాలూకు ఆర్ఎన్ఏ రక్షణను అణచివేస్తుంది, టీవై-1 పట్టు సడలుతుంది. ఆకుముడత వైరస్‌తో కలిసి తిరిగే బీటా శాటిలైట్ అనే చిన్న డీఎన్ఏ కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి టీవై-1 రకంలో అక్కడక్కడా ముడత కనిపించగానే విత్తనం నకిలీ అని తేల్చేయకూడదు. ముందు ఇంకో వైరస్ తోడుందేమో చూడాలి.

టీవై-2 కథ మన దేశానికి దగ్గరిది. ఆండీస్ కొండల నూగు టమాటా సొలానమ్ హాబ్రోకైటిస్‌లో బీ 6013 అనే నమూనా నుంచి హిసార్‌లో హెచ్-24 వరసను తయారుచేశారు. అందులోనిదే టీవై-2. ఇది 11వ క్రోమోజోము మీద ఉంటుంది. వైరస్ తన డీఎన్ఏను పెంచుకోవడానికి వాడే ప్రోటీన్‌ను గుర్తుపట్టి అప్రమత్తమవుతుంది. గుర్తుపట్టే తరహా జన్యువు కాబట్టి, ఆ ప్రోటీన్ రూపం మారిన వైరస్ దీన్ని దాటిపోతుంది. దక్షిణాదిలో బెంగళూరు ఆకుముడత వైరస్ లాంటి ఒకే డీఎన్ఏ ముక్క ఉన్నవాటి మీద టీవై-2 బాగా నిలిచింది. న్యూఢిల్లీ ఆకుముడత వైరస్‌కు రెండు డీఎన్ఏ ముక్కలు ఉంటాయి. దాని ముందు టీవై-2 ఒక్కటే నమ్మదగినది కాదు. అందుకే ఈ రోజుల్లో టీవై-2, టీవై-3 రెండూ కలిపిన రకాలు కావాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క అభేద్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఇవి కాక టీవై-4, టీవై-6 ఉన్నాయి కానీ ఒంటరిగా సరిపోవు, తోడుగా పనికొస్తాయి. టీవై-5 అంతర్గత జన్యువు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఉంటేనే హైబ్రిడ్‌లో పనిచేస్తుంది. అందుకే హైబ్రిడ్ తయారీదారులు దాని జోలికి తక్కువగా వెళ్తారు.

ఇక మొవ్వుకుళ్లు. ఇక్కడే మన జిల్లాల రైతులు ఎక్కువగా మోసపోతున్నారు. విదేశీ రకాల వివరాల్లో ‘ఎస్‌డబ్ల్యూ-5 ఉంది, స్పాటెడ్ విల్ట్‌ను తట్టుకుంటుంది’ అని ఉంటుంది. స్పాటెడ్ విల్ట్ అంటే మొవ్వుకుళ్లుకు దగ్గరి బంధువైన వైరస్ తెగులు. నిజమే. ఎస్‌డబ్ల్యూ-5 సొలానమ్ పెరూవియానమ్ నుంచి వచ్చిన మంచి జన్యువు. దక్షిణాఫ్రికాలో స్టీవెన్స్ అనే రకం ద్వారా సాగులోకి వచ్చింది. అది వైరస్ కదలికకు తోడ్పడే ప్రోటీన్‌లో 21 అమైనో ఆమ్లాల ముక్కను గుర్తుపడుతుంది. ఆ ముక్క అమెరికా ఖండాల వైరస్‌లలో ఉంటుంది. మన వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్ అదే కుటుంబందే అయినా ఆసియా శాఖది. ఎస్‌డబ్ల్యూ-5 దాన్ని గుర్తుపట్టదు. ఆ జన్యువు ఉన్న మొక్క కూడా ఇక్కడ మాడిపోతుంది. పేరు దగ్గరగా ఉందని, లక్షణాలు ఒకేలా ఉన్నాయని ఆ మాట నమ్మి వేసవిలో వేస్తే నష్టం తప్పదు. మొవ్వుకుళ్లుకు ఇప్పటికి తామర పురుగుల అదుపు, రోగం సోకిన మొక్కల తీసివేతే ఆధారం. ఒక్కటి గుర్తుంచుకోండి: తామర పురుగు పిల్లగా ఉన్నప్పుడే వైరస్‌ను తీసుకుంటుంది, పెద్దయ్యాక బతికినంత కాలం పంచుతుంది. అంటే తోటలోని రోగం మొక్క మీద పిల్లలు పెరగనివ్వకపోవడమే అసలు పని. మాడిన మొక్కను పీకి గట్టు మీద పడేయడం కాదు, సంచిలో వేసి బయటికి తీసుకెళ్లి పూడ్చాలి.

మొజాయిక్‌కు పెరూవియానమ్ నుంచే వచ్చిన టీఎం-2² దశాబ్దాలుగా నిలబడింది. 2014లో ఇజ్రాయెల్‌లోనూ 2015లో జోర్డాన్‌లోనూ బయటపడ్డ గోధుమరంగు కాయ ముడత వైరస్ మాత్రం దాన్ని దాటేసింది. అది విత్తనం ద్వారా పాకేది కాబట్టి విదేశీ విత్తనాల తనిఖీ ముఖ్యం. ఇంకో చిక్కు: టీఎం-2² తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిన హైబ్రిడ్‌లో, ఎండలు మండేటప్పుడు మొజాయిక్ సోకితే మచ్చలు రావడానికి బదులు కాండం, మొవ్వు నల్లబడి మాడవచ్చు. పైకి మొవ్వుకుళ్లులా కనిపిస్తుంది. పరీక్ష చేయకుండా చెప్పడం కష్టం.

ఇప్పుడు అడవి జాతితో సంకరం. వ్యవసాయ కళాశాలల విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అడవి విత్తనం నేరుగా వేస్తే మొలవదు, లేదా నెల రోజుల పాటు ఒక్కొక్కటిగా మొలుస్తుంది. ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణానికి సమానంగా నీళ్లు కలిపి అందులో అరగంట నానబెట్టి, పారే నీటిలో బాగా కడిగి, తడి కాగితం మీద పరచాలి. గలపాగోస్ జాతుల పెంకు మరీ గట్టిది, గంటకు పైగా ఉంచాల్సి రావచ్చు. కడగడం సరిగా జరగకపోతే వేరు కొన గోధుమరంగై ఆగిపోతుంది.

చిలెన్స్, పెరూవియానమ్ మొక్కలు తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు. ఒక్క మొక్కే పెంచితే దాని విత్తనం ఎప్పటికీ రాదు. ఒక్కో నమూనా నుంచి కనీసం పది పదిహేను మొక్కలు పెంచి, ఒకదాని పుప్పొడి మరోదానికి వేయాలి. ఆ మొక్కలన్నీ ఒకేలా ఉండవు కూడా. ఒకే నంబరు కింద కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. కాబట్టి సంకరానికి వాడే ముందు ప్రతి మొక్కనూ విడిగా వైరస్‌కు పరీక్షించాలి. చిలెన్స్‌కు నీరు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. పెద్ద కుండీ, ఇసుక ఎక్కువ ఉన్న మట్టి, పైపొర ఎండాకే నీరు. పగటి కాలం తక్కువ ఉన్న నెలల్లో బాగా పూస్తుంది.

ఎప్పుడూ సాగు టమాటానే తల్లి కావాలి. దాని కీలాగ్రం అడవి పుప్పొడిని రానిస్తుంది. తిరగేసి అడవి మొక్కను తల్లిగా పెడితే టమాటా పుప్పొడి గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. చిన్న కాయల అడవి టమాటా పింపినెల్లిఫోలియం, గలపాగోస్ జాతులు మాత్రం రెండు వైపులా కలుస్తాయి. తిరుపతిలో మార్చి దాటాక ఈ పని పెట్టుకోకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చచ్చిపోతుంది, పిందె పడదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. దాదాపు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది.

రేకులు లేత పసుపు రంగుకు వచ్చి ఇంకా విచ్చుకోని మొగ్గను సాయంత్రం ఎంచుకోవాలి. రేకులతో పాటు కేసరాల గొట్టాన్ని సన్నని చిమటాతో లాగేయాలి. అండాశయానికి గీత పడిందా, ఆ పువ్వు పనికిరాదు. మర్నాడు పొద్దున అడవి పువ్వు నుంచి తాజా పుప్పొడి తీసి కీలాగ్రానికి అద్ది, గుర్తు చీటీ కట్టాలి. ఒక గుత్తిలో మూడు నాలుగు పువ్వులే ఉంచి మిగతావి తుంచేస్తే పిందె నిలుస్తుంది.

హాబ్రోకైటిస్‌తో ఇంతటితో విత్తనం వస్తుంది. చిలెన్స్, పెరూవియానమ్‌లతో రాదు. కాయ పెరుగుతుంది, పండుతుంది, కోస్తే లోపల తాలు గింజలే. గింజలో పిండానికి ఆహారమిచ్చే పొర మధ్యలోనే చెడిపోతుంది కాబట్టి పిండాన్ని ముందే బయటికి తీసి పెంచాలి. పుప్పొడి వేసిన 25 నుంచి 35 రోజుల మధ్య కాయ కోసి, 70 శాతం ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, గాలి శుద్ధి చేసే గదిలో కాయను విప్పాలి. సూక్ష్మదర్శిని కింద గింజ అంచున చిన్న గాటు పెట్టి మెల్లగా నొక్కితే పిండం బయటికొస్తుంది. ఎంఎస్ (మురాషిగే-స్కూగ్) పోషక మాధ్యమం, 3 శాతం సుక్రోజ్, 0.8 శాతం అగార్, పీహెచ్ 5.8, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మొదటి కొద్ది రోజులు చీకట్లో, తర్వాత 16 గంటల వెలుగులో ఉంచాలి. పిండం గుండ్రంగా ఉన్న దశలో తీస్తే బతకడం అరుదు. హృదయాకారం దాటాక తీస్తే ఆశ ఎక్కువ. మరీ ఆలస్యం చేస్తే అది లోపలే నల్లబడి ఉంటుంది. అందుకే కాయలన్నీ ఒకే రోజు కోయకుండా మూడు రోజులకోసారి కొన్ని కోసి చూడటం మేలు.

వచ్చిన మొదటి తరం మొక్కను మళ్లీ టమాటాతో కలిపేటప్పుడు కూడా టమాటానే తల్లి. సంకర మొక్క కీలాగ్రంలో అడవి గుణం ఉంటుంది, టమాటా పుప్పొడిని తిప్పికొడుతుంది. ఇలా ఒక్కో బ్యాక్‌క్రాస్‌కూ అడవి భాగం సగమవుతుంది. మొదటిదానిలో 25 శాతం, నాలుగోదానికి సుమారు 3 శాతం. ఇది కాగితం లెక్క. జన్యువు పక్కనున్న ముక్క అంత తేలిగ్గా వదలదు. చిలెన్స్ ఆరో క్రోమోజోములోనూ, హాబ్రోకైటిస్ 11వ క్రోమోజోములోనూ ఆయా ముక్కలు టమాటాతో పోలిస్తే తలకిందులుగా అమరి ఉన్నాయి. అక్కడ ముక్కల మార్పిడి దాదాపు జరగదు. అందుకే అడవి ముక్క పొడవుగా వచ్చి, దానితో అక్కర్లేని గుణాలూ కాయ పరిమాణం మీద ప్రభావం చూపేవీ వస్తాయి. ఇంకో ఇబ్బంది: నులిపురుగుల్ని ఆపే ఎంఐ-1 కూడా పెరూవియానమ్ నుంచి వచ్చి ఆరో క్రోమోజోము మీదే కూర్చుంది. టీవై-1, ఎంఐ-1 రెండూ ఒకే తల్లి వరసలో కలపడం కష్టం. ఒకటి తల్లిలో, ఒకటి తండ్రిలో పెట్టి హైబ్రిడ్‌లో కలిపితే తేలిక.

ప్రతి తరంలో వైరస్‌తో పరీక్షించనక్కర్లేకుండా డీఎన్ఏ మార్కర్లు (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్ఏ గుర్తులు) ఉన్నాయి. టీవై-3కి పీ6-25: నిరోధకత లేనిదానికి 320, టీవై-3 ఉన్నదానికి 450 బేస్ జతల పొడవున్న డీఎన్ఏ పట్టీ జెల్ మీద వస్తుంది. టీవై-2కి టీ0302: నిరోధకానికి 900, లేనిదానికి 800. ఈ రెండు పట్టీలు దగ్గరగా ఉంటాయి కాబట్టి 2 శాతం అగరోజ్ జెల్‌లో తగినంత దూరం నడిపించాలి. తొందరపడి ఆపితే రెండూ ఒక్కటిగా కనిపిస్తాయి. మార్కర్ జన్యువు పక్కనుండేదే, జన్యువు కాదు. చివరి వరసల్ని వైరస్‌తో తప్పక పరీక్షించాలి.

ఆకుముడత పరీక్ష తోటలో సహజంగా జరగనిస్తే తెల్లదోమ లేని చోట ఉన్న మొక్క కూడా నిరోధకంగా కనిపిస్తుంది. వైరస్ లేని తెల్లదోమల్ని పత్తి మొక్కల మీద పెంచి, రోగం ఉన్న టమాటా మీద 24 గంటలు ఉంచి, రెండాకుల నారుకు మొక్కకు 10–15 చొప్పున 24 నుంచి 48 గంటలు వదలాలి. తర్వాత దోమను చంపి, నారును నెట్ గదిలో పెట్టి 30వ రోజున ముడత తీవ్రతను బట్టి 0 నుంచి 4 దాకా మార్కులు వేయాలి. ప్రతి ట్రేలో పూసా రూబీ లాంటి లొంగిపోయే రకం ఉండాలి. ఆ మొక్కలన్నీ ముడుచుకోకపోతే ఆ విడత ఫలితాలు పక్కన పెట్టండి. మొవ్వుకుళ్లు పరీక్షకు పురుగులు అక్కర్లేదు. లేత రోగపు ఆకును దాని బరువుకు పది రెట్లు ఉండే చల్లని ఫాస్ఫేట్ బఫర్‌లో (0.05 మోలార్, పీహెచ్ 7), కొద్దిగా మెర్‌క్యాప్టోఎథనాల్ కలిపి, మంచు మీద ఉంచిన కల్వంలో నూరి, కార్బొరండం పొడి చల్లిన ఆకు మీద మెల్లగా రుద్దాలి. ఈ వైరస్ రసంలో ఎక్కువసేపు బతకదు, పొద్దున చల్లని వేళ గబగబా పూర్తి చేయాలి. ముందు సీ-152 అలసంద ఆకు మీద వేసి చూడండి. నాలుగైదు రోజుల్లో మచ్చలు పడితే రసం బాగుందని అర్థం.

రైతుకు కావలసినది ఇంత పని కాదు. కొనేటప్పుడు రెండు ప్రశ్నలు: ఏ వైరస్‌కు, ఏ జన్యువు లేదా ఎన్ని జన్యువులు? జవాబు రాకపోతే కొత్త రకాన్ని తోటంతా వేయకుండా నాలుగు సాళ్లలో వేసి, పక్కనే తెలిసిన రకం పెట్టి చూడటం మంచిది. జన్యువు ఉన్న రకానికైనా నారు దశలో, నాటిన మొదటి 30–45 రోజుల్లో దోమ పడితే ముడత వస్తుంది. నారును 40–50 మెష్ నెట్ కింద, రెండు తలుపుల గదిలో పెంచిన చోట నుంచే తీసుకోండి. తోట చుట్టూ నారు నాటడానికి ముందే జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరుసలు వేయండి.

పోయిన ఏడాది బాగా కాసిన హైబ్రిడ్ పళ్ల నుంచి గింజ తీసి నారు పోయకండి. ఒక జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చి ఉంటే, ఆ గింజల్లో నాలుగో వంతు మొక్కలకు అది అసలు ఉండదు. టీవై-2, టీవై-3 రెండూ అలా వచ్చి ఉంటే, రెండూ పూర్తిగా స్థిరపడిన మొక్క పదహారులో ఒకటే. వరస తయారుచేసేవాళ్లు ఆ ఒక్కదాన్ని వందకు 95 పాళ్ల నమ్మకంతో పట్టుకోవాలంటే కనీసం 47 మొక్కలకు మార్కర్ పరీక్ష చేయాలి.